‘టెన్షన్’ అను మాట



చదువుల నిమిత్తం ఊళ్ళు విడిచి ఈ గడ్డిఅన్నారం చేరి, సాయంసమయాన ఈ ఆలయంలో ఒక్క నిమిషమైనా నిలబడి వెళ్ళే చిరంజీవులారా!

నేటి ప్రసంగానికి విషయం ఏమిటని ధర్మకర్తలు అడిగినప్పుడు ‘టెన్షన్’ అని చెప్పినాము. వారు నవ్వి, "అయ్యా, పురుషసూక్తమో, శివసంకల్పమో చెప్తారనుకున్నాము" అన్నారు. ఇంగ్లీషు మాటను గూర్చి వేదం చదువుకున్నవారు ఏమి చెప్పగలరని మీలో కొందరికీ సందేహం కలిగి ఉండవచ్చును. ఆ సందేహం సమంజసమే. మేము ఇంగ్లీషు బడికి వెళ్ళినవారము కాము. ఎనిమిదవ ఏట పాఠశాలలో చేరి, గురువుగారి ముందు కూర్చుండి సంత చెప్పుకొని, వల్లె వేసి పెరిగినవారము. ఈ మాటను గూర్చి మాకు తెలిసినది తెలిసినవారిని అడిగి, వారిచేత నిఘంటువులు చూపించుకొని తెలుసుకున్నదే.

అయినా ఈ మాటను ఎన్నుకొనుటకు రెండు కారణాలు ఉన్నవి. ఈ ఆలయానికి వచ్చేవారి నోట భగవన్నామం తరువాత ఎక్కువగా మాకు వినిపించే మాట ఇదే. కొందరి నోట భగవన్నామం కంటె ముందే వినిపిస్తున్నది. ఇది మొదటి కారణం. ఈ మాటను సరిగా వినక మేము ఒక పొరపాటు చేసినాము. దానిని మీ ముందు చెప్పుకొనవలసి ఉన్నది. ఇది రెండవది.

మాట మన ఇంట్లో ఎట్లా తిరుగుతున్నది

తెల్లవారి పాలవాడు రాకపోతే ‘టెన్షన్’. గ్యాసు సిలిండరు అయిపోతే ‘టెన్షన్’. అమ్మాయి ట్యూషను నుండి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే ‘టెన్షన్’. వచ్చిన తరువాత ఆ అమ్మాయి, "నువ్వు ఊరికే టెన్షన్ పడతావమ్మా" అంటుంది. అత్తగారికి రక్తపుపోటు పెరిగితే "ఎవరో టెన్షన్ పెట్టినారు" అంటారు. అల్లునికి ఉద్యోగం పోయినా టెన్షనే, క్రికెట్టు ఆటలో ఆఖరి ఓవరు వచ్చినా టెన్షనే. వెనుక వార్తాపత్రికలు ‘ఉద్రిక్తత’ అని వ్రాసేవి. నేడు టీవీలో ‘టెన్షన్ టెన్షన్’ అని రెండుమార్లు చెప్తేగాని వార్త పూర్తి కాదు. మన కాలనీల మీదుగా పోయే పెద్ద కరెంటు తీగ ‘హైటెన్షన్ వైరు’. దాని క్రింద ఇల్లు కట్టరాదని అందరికీ తెలుసు. అయితే మన మనస్సులను మాత్రం అటువంటి తీగ క్రిందనే కట్టుకొని కాపురం ఉంటున్నాము.

గమనించండి. పాలవానికీ ఇదే మాట, ప్రాణభయానికీ ఇదే మాట. ఒక్క సంచిలో ఉప్పు, పప్పు, బెల్లం, విషం అన్నీ వేసుకొని తిరుగుతున్నాము. చేయి పెడితే ఏది తగులుతుందో తెలియదు.

మాట పుట్టిన చోటు

ఈ మాట ఇంగ్లీషులోనికి పదహారవ శతాబ్దంలో వచ్చినది. దాని మూలం లాటిన్ భాషలో ఉన్నది. ‘సాచుట, లాగి బిగించుట’ అని ఆ ధాతువునకు అర్థం. మొదట ఆ దేశస్థులు దీనిని మనస్సుకు వాడలేదు. లాగి బిగించిన వస్తువుకు వాడినారు. బిగించిన త్రాడులో ఉండే లాగుడు టెన్షన్. ఆ తరువాత చాలా కాలానికి, ఇరువైపుల నుండి లాగబడుతున్న మనస్సుకు కూడా ఆ మాటనే అన్వయించినారు.

ఈ మాటకు చుట్టాలు చాలామంది ఉన్నారు. వారందరూ మనకు తెలిసినవారే. పెండ్లికి ‘టెంటు హౌసు’ వారు వచ్చి గుడ్డ సాచి కడతారే, ఆ ‘టెంటు’ ఈ కుటుంబంలోనిదే. లాగి సాచినది కనుక టెంటు. ఆఫీసులో ‘అటెండరు’ కూడా వీరి బంధువే. ఒకరి వైపు మనస్సు సాచి ఉండువాడు అటెండరు. పోలీసు కవాతులో ‘అటెన్షన్’ అంటారు. మనస్సును ఒక వైపునకు సాచి నిలబడమని అర్థం. గడువు పొడిగిస్తే ‘ఎక్స్‌టెన్షన్’, కాలాన్ని సాచినారన్నమాట. ‘పెన్షన్’ కూడా చుట్టమేనా అని మా మిత్రులొకరు అడిగినారు. కాదట. అది తూకానికి సంబంధించిన వేరొక ధాతువు నుండి వచ్చినది. పెన్షన్ రాక టెన్షన్ పడేవారు ఉండవచ్చునుగాని, ఆ రెండింటికీ పుట్టుకలో బంధుత్వం లేదు.

ఇప్పుడు మన వైపు చూతము. పాణినీయ ధాతుపాఠంలో ఎనిమిదవ గణం ఒక ధాతువుతో మొదలవుతుంది. అందుచేతనే దానికి తనాది గణమని పేరు. ఆ ధాతువు ‘తన్’. విస్తరించుట, సాచుట అని అర్థం. లాగి నేసే దారం తంతువు. వీణకు బిగించిన తీగ తంత్రి. రాగాన్ని సాచి పాడితే తానం. వంశాన్ని సాచేది సంతానం. అట్లా సాచేవాడు తనయుడు. యజ్ఞవేదిక మీద, పెండ్లి పందిట్లో పైన సాచి కట్టే గుడ్డ వితానం. వితానం అన్నా టెంటు అన్నా ఒకే అర్థం, ఒకే మూలం.

ఇది యాదృచ్ఛికం కాదు. 1786లో కలకత్తాలో న్యాయమూర్తిగా ఉన్న విలియం జోన్స్ అనే విద్వాంసుడు, సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలు ఒకే మూలం నుండి వచ్చి ఉండాలని ఆసియాటిక్ సొసైటీ సభలో చెప్పినాడు. తరువాతి పండితులు ఆ మాటను ధాతువు ధాతువుకూ పరీక్షించి స్థిరపరచినారు. ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలెను. "అయితే ఇంగ్లీషు మన సంస్కృతం నుండే పుట్టినది" అని తొడ చరచుకొనవద్దు. అది సరి కాదు. ఆ భాషలకు సంస్కృతం తల్లి కాదు, తోబుట్టువు. అందరికీ తల్లి ఇంకను ప్రాచీనమైన మరొక భాష. మన తెలుగు ఆ కుటుంబంలోనిది కాకున్నా, తంతువు, సంతానం, వితానం వంటి మాటలను తన ఇంటి మాటలుగా చేసికొన్నది. ఉన్నమాట చెప్పుకొనుటలోనే మన శాస్త్రానికి గౌరవం.

కనుక ‘టెన్షన్’ పరాయి మాట అని తరిమివేయవలసిన పని లేదు. దూరదేశంలో పెరిగి ఇంటికి వచ్చిన చుట్టం అది. వచ్చిన చుట్టం ఒక గదిలో ఉంటే బాగుండును. ఇల్లంతా ఆక్రమించి, ఇంటివారిని వీధిలోనికి పంపినది. మా విచారం అదీ.

వీధిన పడిన మాటలు

మా చిన్నతనంలో ఈ బాధకు ఒక్క పేరు లేదు. పది పేర్లు ఉండేవి. బెంగ, దిగులు, గుబులు, కంగారు, ఆదుర్దా, చింత, ఆత్రం, హైరానా. మన తెలంగాణ పల్లెల్లో రంది అంటారు, బుగులు అంటారు. ఇవి ఒకే వస్తువుకు పది పేర్లు అనుకొనరాదు. ప్రతిదీ వేరు. ప్రతిదానికీ మందు వేరు.

బెంగ మనిషి కోసం కలిగేది. తల్లి ఊరికి వెళ్తే చంటిపిల్ల బెంగ పెట్టుకొని జ్వరం తెచ్చుకుంటుంది. దానికి మందు ఆ మనిషి కనబడుటే, మాత్రలు కావు. ఆదుర్దా రావలసిన కబురు రానప్పటిది. దానికి మందు కబురు. కంగారు చేయవలసిన పని ఎదుట ఉండి చేతులు తొట్రుపడుట. దానికి నిదానం మందు. చింత తెగని లెక్క. అప్పో, ఆడపిల్ల పెండ్లో. తెలిసినవారి ఎదుట కూర్చుండి కాగితం మీద లెక్క వేస్తే సగం తెగుతుంది. దిగులు మనస్సు దిగిపోవుట. దానికి తోడు కావలెను. బుగులు భయం, దానికి దీపం, ధైర్యం చెప్పే పెద్దదిక్కు కావలెను. హైరానా తిరిగి తిరిగి అలసిపోవుట. దానికి కాసింత మజ్జిగ, ఒక కునుకు చాలును.

మన పేటలోనే చూడండి. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలినవి. ఆ రాత్రి ఈ వీధులలో ఎవరిని పలకరించినా "టెన్షన్‌గా ఉన్నది" అన్నారు. అది బుగులు. తలుపులు వేసికొని ఒకరి చేయి ఒకరు పట్టుకొని కూర్చున్నాము. ఇంటికి చేరని పిల్లల తల్లిదండ్రులకు అది ఆదుర్దా. ఒక్క ఫోను కోసం ప్రాణాలు కండ్లలో పెట్టుకొని ఉన్నారు. 2020 అక్టోబరులో కుండపోత వానలకు సరూర్‌నగర్ చెరువు పొంగి, చుట్టుప్రక్కల కాలనీలు నీట మునిగినవి. అప్పుడూ "టెన్షన్" అన్నారు. అది కంగారు. బియ్యం మూట ముందు పైకెత్తవలెనా, పిల్లల సర్టిఫికెట్లా, మంచాన ఉన్న ముసలమ్మనా అన్నది తెలియక చేతులు ఆడలేదు. నిదానించినవారు ముందు మనిషిని ఎత్తినారు. 2021లో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు బాటసింగారానికి తరలిపోయినది. మామిడి కాలంలో లారీలు, బుట్టలు, వేలంపాటల కేకలతో ఉండిన చోటు అది. అక్కడ మూటలు మోసి బ్రతికినవారూ, ఆటో నడిపినవారూ, మార్కెట్టు ముంగిట టీ అమ్మినవారూ "టెన్షన్ అయ్యగారూ" అన్నారు. అది రంది. రేపు పొయ్యి మీదకు ఏమి వస్తుందన్న లెక్క. ఆ రందికి తీర్థం ఇచ్చి పంపితే చాలదు; పని చూపించవలెను.

మూడు సందర్భాలలోనూ మాట ఒక్కటే. బాధలు వేరు, మందులు వేరు. మాట ఒక్కటైపోయినందున, మందు కూడా ఒక్కటే అనుకుంటున్నాము. "ఏం కాదులే" అన్నదే ఆ మందు.

మా పొరపాటు

కొన్ని సంవత్సరాల క్రిందట నల్గొండ జిల్లా పల్లె నుండి వచ్చిన ఒక పిల్లవాడు ఇక్కడ హాస్టలులో ఉండి, ప్రభుత్వ ఉద్యోగపు పరీక్షలకు కోచింగు తీసుకొనుచుండెను. ప్రతి శనివారం ఆలయానికి వచ్చేవాడు. ఒకనాడు ప్రదక్షిణం చేసి మా వద్దకు వచ్చి, "పంతులుగారూ, చాలా టెన్షన్‌గా ఉన్నది" అన్నాడు. పరీక్షలు దగ్గర పడినవి కదా అనుకున్నాము. "చదువుకున్నవానికి టెన్షన్ ఎందుకు నాయనా? మనస్సు పెట్టి చదువు. అంతా స్వామి చూసుకుంటాడు" అని అక్షతలు ఇచ్చినాము. మరుసటి వారం అదే మాట అన్నాడు. మేమూ అదే మాట అన్నాము. నాలుగు వారాలు అట్లాగే జరిగినది. ఐదవ వారం అతడు రాలేదు.

నెల గడిచిన తరువాత వచ్చినాడు. శిరోముండనం చేయించుకొని ఉన్నాడు. చూడగానే మాకు అర్థమైనది. తండ్రికి చాలా రోజులుగా జబ్బు. ఇంటివారు ఫోనులో, "పరీక్ష దగ్గర పడ్డది, నువ్వు రావద్దు, మేము చూసుకుంటము" అని చెప్తూ వచ్చినారట. వెళ్ళవలెనని అతనికి ఉన్నది. వెళ్తే తండ్రి కష్టపడి కట్టిన ఫీజు వృథా అవుతుందన్న శంక ఉన్నది. ఆఖరి చూపు దక్కలేదు.

"మీరు ఒక్కసారి పోయిరా బిడ్డా అంటే పోదామనుకున్న, పంతులుగారూ. మీరు చదువుకోమన్నరు" అన్నాడు. నిష్ఠురంగా అనలేదు. జరిగినది జరిగినట్లు చెప్పినాడు. అందుచేతనే ఆ మాట మా గుండెలో దిగినది.

ఆ పిల్లవానిది బెంగ. నాలుగు వారాలు మా ఎదుట నిలిచి బెంగ అని చెప్పుకొనలేక టెన్షన్ అన్నాడు. మేము వేదంలో స్వరం తప్పితే అర్థం తప్పుతుందని శిష్యులకు చెప్పేవారము. మనిషి మాటలో స్వరం వినలేకపోయినాము. "దేనికి నాయనా?" అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. "తప్పు మాది నాయనా" అని అతనితో అన్నాము. అతడు మా పాదాలకు నమస్కరించినాడు. ఆ నమస్కారం మాకు శిక్షవలెనే తోచినది.

అర్జునుడు ఏమి చేసినాడు?

ఆనాటి నుండి భగవద్గీత ప్రథమాధ్యాయం మాకు వేరుగా కనబడుతున్నది. చాలామంది ప్రవచనకారులు, మేమూ, ఆ అధ్యాయాన్ని త్వరగా దాటి రెండవ దానిలోనికి వెళ్తాము. అర్జునుని దైన్యం ఏమి వివరించవలె, భగవానుని బోధ వివరించవలెను గదా అని. కాని చూడండి: అర్జునుడు "కృష్ణా, నాకు ఏదో అదిగా ఉన్నది" అని ఊరకుండలేదు. అవయవాలు పట్టు తప్పుతున్నవని, నోరు ఎండుతున్నదని, శరీరం వణుకుతున్నదని, గాండీవం చేతి నుండి జారుతున్నదని, చర్మం మండుతున్నదని, మనస్సు తిరుగుతున్నదని వరుసగా చెప్పినాడు. ఆపైన కారణం చెప్పినాడు: ఎదుట ఉన్నవారు గురువులు, తాతలు, అన్నదమ్ములు, బిడ్డలు. ఒక వైపు క్షత్రియధర్మం లాగుతున్నది, మరొక వైపు బంధుప్రేమ లాగుతున్నది. తీగ ఎక్కడ ఎక్కడ బిగిసి ఉన్నదో తెలిసేటట్లు చెప్పినాడు. అట్లా చెప్పినందుననే ఆ అధ్యాయానికి విషాదయోగమని పేరు వచ్చినదని మాకు తోస్తుంది. పేరు పెట్టి చెప్పుకున్న విషాదం యోగానికి మొదటి మెట్టు.

భగవానుడు కూడా అంతా విన్నాడు. మధ్యలో అడ్డు రాలేదు. "ఏం కాదులే" అనలేదు.

మన సంకల్పాన్ని కూడా తలచుకొనండి. పూజకు ముందు ఏ ద్వీపం, ఏ ఖండం, ఏ నదీతీరం, ఏ సంవత్సరం, ఏ తిథి, ఏ గోత్రం, ఏ పేరు అని చెప్పి, ఏ ఫలం కోసమో కూడా చెప్తాము. సర్వజ్ఞుడైన స్వామికి ఇవన్నీ తెలియవా? తెలుసు. తెలియవలసినది మనకు. నేనెవరు, ఎక్కడ ఉన్నాను, నాకు ఏమి కావలెను అన్నది చెప్పుకున్నవాని చేయి వణకదు. "టెన్షన్ నివారణార్థం" అనే సంకల్పం ఏ పద్ధతిలోనూ లేదు.

బిగింపు దోషమా?

ఇక అసలు బిగింపే చెడ్డదా? కాదు. పాఠశాలలో మా గురువుగారు సంత చెప్తూ మా తలను చేత పట్టుకొని స్వరానుసారం పైకీ క్రిందికీ వంచేవారు. ఉదాత్తానికి అంగాలను బిగించవలెనని, అనుదాత్తానికి సడలించవలెనని ప్రాతిశాఖ్యాలు చెప్తున్నవి. బిగింపును ఆయామమని, సడలింపును విశ్రంభమని ఋక్‌ప్రాతిశాఖ్యం పేర్కొన్నది. అంతా బిగింపే అయితే అది వేదం కాదు, అరుపు. అంతా సడలింపే అయితే అది గొణుగుడు. రెండూ ఒకదాని వెంట ఒకటి వస్తేనే మంత్రం నడుస్తుంది.

ఎల్.బి.నగర్ దాటి విజయవాడ దారిన వెళ్తే పోచంపల్లి వస్తుంది. మగ్గం చూచినవారికి తెలుసు: పడుగు వదులైతే బట్ట ముడతలు పడుతుంది, మరీ బిగిస్తే దారం తెగుతుంది. ఋగ్వేదం పదవ మండలం నూటముప్పదవ సూక్తం యజ్ఞాన్నే నేతగా వర్ణించినది. దారాలు సాచి నేసిన వస్త్రం వంటిది యజ్ఞమని. వీణ తీగను గూర్చి బుద్ధుడు సోణుడనే భిక్షువుకు చెప్పినదీ ఇదే: మరీ బిగించినా పలకదు, మరీ వదిలినా పలకదు. విలుకాడు యుద్ధం లేనప్పుడు నారిని విప్పి ఉంచుతాడు. ఎప్పుడూ ఎక్కుపెట్టి ఉన్న విల్లు బలం పోగొట్టుకుంటుంది.

పరీక్ష వ్రాసే పిల్లవానికి కొంత బిగింపు ఉండవలెను. ఇల్లు నడిపే ఇల్లాలికీ ఉండవలెను. కాని రాత్రి నారి విప్పుకొనే చోటు ఒకటి ఉండవలెను. ఆ చోటు ఇల్లు. ఇల్లు దూరమైనవారికి ఆలయం. తల్లిదండ్రులకు చేతులు జోడించి చెప్తున్నాము: మీ బిడ్డ ఇంటికి వచ్చిన తరువాత కూడా నారిని మరింత బిగించవద్దు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియెట్ ఫలితాలు వెలువడిన తరువాత మన తెలంగాణలో ఇరవై మందికి పైగా బిడ్డలు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల కాగితంలో తప్పు దొర్లితే దిద్దవచ్చును. మళ్ళీ పరీక్ష వ్రాయవచ్చును. తెగిన తంతువును అతుకుట ఎవరి తరం?

ఏకతానత

చివరగా ఒక్క మాట. పతంజలి మహర్షి యోగసూత్రాలలో ధ్యానానికి లక్షణం చెప్తూ ‘ఏకతానత’ అనే మాట వాడినారు. దానిలోనూ ఉన్నది అదే ‘తన్’ ధాతువు. మనస్సు ఒకే వైపునకు సాగి ఉండుట ఏకతానత. టెన్షన్ అన్నా సాచుటే, ఏకతానత అన్నా సాచుటే. భేదం ఎక్కడ? దారం ఒక్కటే, దానిని పది కొసలకు కట్టి పది వైపులకూ లాగితే టెన్షన్. ఒక్క కొసకు కట్టితే ధ్యానం. కనుక మనస్సులోని శక్తిని చంపుకొనవలసిన పని లేదు. కొసలు తగ్గించుకొనవలెను.

కొసలు తగ్గించుకొనవలెనన్నచో, ముందు ఏ కొసను ఎవరు లాగుతున్నారో తెలియవలెను. అందుకే మీకు మేము చెప్పేది ఇంతమాత్రమే.

మనస్సు బిగిసినప్పుడు ‘టెన్షన్’ అని ఊరకుండక, ఇది బెంగా, రందా, బుగులా, కంగారా అని మిమ్ములను మీరే అడుగుకొనండి. తెలుగులో పేరు దొరికితే మందు సగం దొరికినట్లే. రెండవది, ప్రొద్దున సాయంత్రం పది నిమిషాలు వెన్ను నిటారుగా ఉంచి కూర్చుండి శ్వాసను నెమ్మదిగా సాగదీయండి. ప్రాణాయామంలోని ఆయామం కూడా సాచుటే. శ్వాస సాగినకొలది మనస్సులో పట్టు సడలుతుంది. అప్పుడు ఇష్టదైవం నామం ఒక్కటి పట్టుకొనండి. మూడవది, ఇవేవీ పనిచేయనంత బిగిసిపోతే, నిద్ర పోయి, ఆకలి పోయి, బ్రతుకు మీద ఆశ పోయినట్లు తోస్తే, దాచుకొనవద్దు. పెద్దలకు చెప్పండి, వైద్యునికి చూపండి. 2022లో కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ అనే సహాయాన్ని ప్రారంభించినది. 14416 అనే అంకెకు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడేవారు ఉంటారు. జ్వరానికి వైద్యుని వద్దకు పోవుట భక్తికి లోపం కానట్లే, మనస్సుకు వైద్యం చేయించుకొనుటా లోపం కాదు.

నాలుగవది మా వంటి పెద్దలకు. ఎవరైనా మీ ఎదుట నిలిచి ‘టెన్షన్’ అన్నప్పుడు, జవాబు చెప్పుటకు తొందరపడవద్దు. "దేనికి నాయనా?" అని అడగండి. అడిగి, ఊరకుండండి. మొదటిసారి చెప్పరు. రెండవసారి చెప్తారు.

ఆ పిల్లవాడు ఆ సంవత్సరం పరీక్ష వ్రాయలేదు. మరుసటి సంవత్సరం వ్రాసి, ఒక శనివారం ఆలయానికి వచ్చినాడు. ఫలితం ఏమైనదని మేము అడగలేదు. "మీ అమ్మ ఎట్లా ఉన్నది నాయనా?" అని అడిగినాము. అతడు మెట్ల మీద కూర్చున్నాడు. మేమూ కూర్చున్నాము. దీపారాధన వేళ దాటే వరకు చెప్తూనే ఉన్నాడు.

మన మనస్సులనే తంతువులను ఆ పరమాత్మ చరణాలనే ఒక్క కొసకు కట్టుకొని, ఒకరి మాట ఒకరు వినే బుద్ధిని ఆయన మనకందరికీ ప్రసాదించుగాక.

స్వస్తి.